వేపచెట్టు కొట్టకండి, అయిదు కిలోవాట్లు పెట్టకండి

ప్రశ్న: మాది బాపట్ల. ఒక్క అంతస్తు డాబా ఇల్లు, మావారు ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు. సాయంత్రాలు వరండాలో పిల్లలకు ట్యూషన్ చెబుతారు. ఏడాది మొత్తం చూస్తే నెలకు సగటున 350 యూనిట్లు కాలుతున్నాయి. ఈమధ్య ఒకాయన వచ్చి సోలార్ 5 కిలోవాట్లు పెట్టుకోమన్నాడు. ఖర్చు 3,10,000, సబ్సిడీ 78,000 అన్నాడు. ఇక బిల్లు సున్నా అట, తుఫాను వచ్చి ఊరంతా చీకటైనా మా ఇంట్లో దీపాలు వెలుగుతాయట. పడమటివైపు ఉన్న వేపచెట్టు మాత్రం కొట్టేయాలన్నాడు. అది మా అత్తగారు నాటిన చెట్టు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి కొట్టేయమంటున్నాడు, మావారు ఏమీ మాట్లాడటం లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మా దగ్గరే తీరం దాటినప్పుడు రెండు రోజులు కరెంటు లేక చాలా ఇబ్బంది పడ్డాం. అందుకే సోలార్ మీద ఆశ. డాబా మీద వడియాలు పెట్టుకునే చోటు పోతుందేమోనని ఒక దిగులు కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, ముందు చెట్టు సంగతి. దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి. ప్యానెళ్లు ఏటా కొత్తవి దొరుకుతాయి, అత్తగారి చేతి చెట్టు దొరకదు. ఇంత గట్టిగా చెప్పడానికి మీ మనసు ఒక్కటే కారణం కాదు, సూర్యుడి లెక్క కూడా మీ వైపే ఉంది.

ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటులో అధిక భాగం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 లోపలే వస్తుంది. పడమటి చెట్టు నీడ డాబా మీదికి ఎక్కువగా పాకేది ఆ తరువాతే. నీడ బాగా పొడుగ్గా ఉండేది డిసెంబరులో. మీ ఊరి అక్షాంశం దాదాపు 16 డిగ్రీలు. ఆ లెక్కన ప్యానెళ్ల ఎత్తు కంటే కొమ్మలు ఆరడుగులు పైకి ఉంటే, డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం 3 గంటలకు వాటి నీడ పదడుగుల దూరం ఈశాన్యంగా పడుతుంది. ప్యానెళ్లు అంతకంటే తూర్పుగా జరిగితే ఆ నీడతో పనే లేదు.

దీన్ని ఎవరి మాట మీదా నమ్మనక్కరలేదు, మీ చేత్తోనే తేల్చుకోవచ్చు. డిసెంబరులో ఎండ బాగా ఉన్న ఒక రోజు చూసుకుని ముగ్గుడబ్బా తీసుకుని డాబా ఎక్కండి. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి మూడుసార్లు, నీడ ఎక్కడిదాకా వచ్చిందో ఆ అంచు వెంట ముగ్గు గీత వేయండి. చెట్టుది, నీళ్ల ట్యాంకుది, పిట్టగోడది, టీవీ గొడుగు ఉంటే దానిది, అన్నీ గీయండి. సాయంత్రానికి మీ డాబా మీద ఒక పటం తయారవుతుంది. మూడు గీతల్లో ఏదీ తాకని చోటే ప్యానెళ్ల చోటు. మా ఇంట్లో ఈ పని చేయకుండానే బిగింపజేశాను. మొదటి శీతాకాలం మధ్యాహ్నాలు ఉత్పత్తి ఎందుకు పడిపోతోందో అర్థం కాక, యాప్‌లో గీతలు చూస్తూ కూర్చున్నాను. చివరికి పైకెక్కి చూస్తే ట్యాంకు నీడ ఒక ప్యానెల్‌లో సగాన్ని కప్పేసి ఉంది. ప్యానెళ్లన్నీ ఒకే వరుసగా కలిపి ఉంటాయి. పంటకాలువకు ఒకచోట అడ్డు పడితే దిగువన అందరికీ నీళ్లు తగ్గినట్టు, ఒక ప్యానెల్ మీద నీడ మిగిలినవాటినీ దెబ్బతీస్తుంది. నీడపడ్డ భాగాన్ని తప్పించి కరెంటును దాటించే డయోడ్లు ప్యానెళ్లలో ఉంటాయి కాబట్టి నష్టం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మీ ట్యాంకు కూడా, మన ఇళ్లలో చాలావాటి లాగే, వాస్తు ప్రకారం నైరుతిలోనే ఉండి ఉంటుంది. శీతాకాలం మధ్యాహ్నం ఆ మూల నుంచి నీడ డాబా నడిమికి, ఈశాన్యం వైపుగా సాగుతుంది. అందుకని ప్యానెళ్లకు ఆగ్నేయం మూల చూడండి. మీటరు బోర్డు ఆగ్నేయంలో పెట్టుకునే మన అలవాటుకు ఈ లెక్క చక్కగా కలిసివచ్చింది. దక్షిణం పిట్టగోడ మూడడుగులు ఉంటే, డిసెంబరు మిట్టమధ్యాహ్నం దాని నీడ సుమారు రెండున్నర అడుగులు లోపలికి వస్తుంది. స్టాండును గోడకు ఆనించకుండా మూడడుగులు వదిలి పెట్టించండి. ముఖం దక్షిణానికి, వాలు 15 డిగ్రీల దగ్గర.

చెట్టు వల్ల మీకు జరుగుతున్న మేలు కూడా లెక్కలోకి రావాలి. పడమటి ఎండ గోడకు తగలకుండా ఆ వేప కాస్తోంది. దాన్ని కొట్టేస్తే వచ్చే వేసవి నుంచి ఆ గది ఏసీ గంటకు మరికొంత కరెంటు తాగుతుంది. డాబా మీదికి వాలిన కొమ్మలు ఉంటే, తుఫానుల కాలం రాకముందు వాటిని మాత్రం కత్తిరించండి. అది ఎటూ అవసరం.

ఇప్పుడు అయిదు కిలోవాట్ల సంగతి. ఇక్కడ కాస్త ఓపికగా చదవండి, మాస్టారిని కూడా కాగితం, పెన్ను తీసుకుని కూర్చోమనండి.

మన రాష్ట్రంలో 2022 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన గృహ శ్లాబులు ఇలా ఉన్నాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మీ 350 యూనిట్లకు ఈ లెక్కన 2,111 రూపాయలు. ఇందులో చివరి 125 యూనిట్లే 1,094 రూపాయలు తింటున్నాయి. అంటే మీ వాడకంలో మూడో వంతు కొంచెం మించిన భాగానికి బిల్లులో సగం పోతోంది.

ఒక కిలోవాట్ ప్యానెళ్లు మంచి ఎండ రోజున 4 యూనిట్లకు పైగా ఇస్తాయి. వానలు, మబ్బులు, దుమ్ము అన్నీ పోగా నెలకు 115 అనుకుందాం. రెండు కిలోవాట్లు పెడితే 230 యూనిట్లు. నెట్ మీటర్ ఉంటే మీరు లైనుకు ఇచ్చిన యూనిట్లను తీసుకున్న యూనిట్లలోంచి తీసేసి, మిగిలినదానికే శ్లాబు వేస్తారు. మీకు మిగిలేవి 120, వాటి ఖరీదు 395 రూపాయలు. అంటే రెండు కిలోవాట్లు మీకు నెలకు 1,700 పైచిలుకు మిగిల్చాయి. ఇప్పుడు మూడో కిలోవాట్ కలపండి. అది తుడిచేది ఆ చౌక యూనిట్లనే కాబట్టి దానివల్ల మిగిలేది నెలకు 385 రూపాయలు. నాలుగు, అయిదు కిలోవాట్లు చేసే కరెంటు మీరు వాడేదే కాదు. నెలకు రెండు వందలకు పైగా యూనిట్లు మిగిలి పేరుకుంటాయి. లెక్క తేల్చే గడువు వచ్చినప్పుడు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, వాటికి కట్టే ధర, మీరు డిస్కంకు కట్టే 8.75తో పోలిస్తే చాలా తక్కువ.

సబ్సిడీ కూడా ఇదే దారిలో నడుస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, అక్కడితో సరి. 3 పెట్టినా, 5 పెట్టినా 78,000 మించదు. మీ దగ్గరికి వచ్చినాయన ఆ అంకె సరిగానే చెప్పాడు. పైన పెట్టే రెండు కిలోవాట్ల భారమంతా మీ పింఛను మీదే పడుతుందన్న మాట మాత్రం చెప్పలేదు.

ఇంకొక మాట. ప్యానెళ్ల కంటే ముందు మీ ఇంట్లో ఫ్యాన్లు మార్చండి. మీరు ట్యూషన్ సంగతి రాయగానే నాకు మొదట తట్టింది ఇదే. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఫ్యాన్ అదే గాలికి 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగే ఇంట్లో నెలకు 65 యూనిట్లు మిగులుతాయి. నాలుగింటికీ కలిపి 12,000 అటూ ఇటూ అవుతుంది. అంత చౌకగా 65 యూనిట్లు చేసిపెట్టే ప్యానెల్ ఎక్కడా లేదు. ఫ్యాన్లు మార్చాక మీ వాడకం 285, రెండు కిలోవాట్ల ఉత్పత్తి 230, మిగిలేవి 55 యూనిట్లు. వాటి ఖరీదు 132 రూపాయలు.

బిల్లు సున్నా అనే మాటను మాత్రం నమ్మకండి. స్థిర చార్జీ ఉంటుంది. లైనులోంచి తీసుకున్న యూనిట్ల మీద సుంకం, ఇంధన సర్దుబాటు ఉంటాయి. నేను ఇక్కడ వేసిన లెక్కలో అవి లేవు.

ఇది సగటు లెక్క అని గుర్తుంచుకోండి. మేలో ఏసీ తిరిగే నెల వేరు, పుష్యమాసం నెల వేరు. పన్నెండు బిల్లులు ముందేసుకుని నెలవారీగా ఇదే లెక్క మళ్లీ వేయండి. అబ్బాయి కుటుంబం వచ్చి మీ దగ్గరే ఉండబోతున్నా, మరో ఏసీ కొనబోతున్నా మూడు కిలోవాట్లకు వెళ్లవచ్చు, అందులో తప్పులేదు. ఎలక్ట్రిక్ స్కూటర్ కొనే ఆలోచన ఉందంటే మాత్రం దానికోసం పెంచనక్కరలేదు. రోజుకు ఇరవై కిలోమీటర్లు తిరిగినా అది నెలకు పాతిక యూనిట్లు దాటదు.

ఇక మిచౌంగ్ గురించి, అమ్మా. ఈ విషయంలో మీకు చెప్పిన మాట తప్పు, ప్రమాదకరమైన తప్పు. బ్యాటరీ లేని మామూలు సోలార్ వ్యవస్థ ఊరి కరెంటు పోయిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. నెత్తిన ఎండ మండుతున్నా ఇంట్లో ఒక్క బల్బు వెలగదు. అది లోపం కాదు, కావాలని అలా చేశారు. తుఫాను వెలిసిన మర్నాడు మీ వీధి చివర స్తంభం ఎక్కి తెగిన తీగ ముడివేస్తున్న లైన్‌మన్‌ను ఒకసారి కళ్లముందు తెచ్చుకోండి. సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపామన్న నమ్మకంతో అతను ఆ తీగను పట్టుకున్నాడు. ఆ సమయంలో మీ డాబా మీది కరెంటు వెనక్కు లైనులోకి వెళ్తే అతని ప్రాణం పోతుంది. అందుకే ఊరి లైనుకు కలిపే ప్రతి సోలార్ ఇన్వర్టర్‌కూ, లైనులో కరెంటు లేదని పసిగట్టి విడిపోయే ఏర్పాటు తప్పనిసరి. దీన్ని దాటించి కరెంటు పోయినా నడిచేలా చేస్తానని ఎవరైనా అంటే ఇంట్లోకి రానివ్వకండి.

మన ఇళ్లలో ఇన్వర్టర్ అనగానే మెట్ల కింద ఉండే బ్యాటరీ పెట్టె గుర్తొస్తుంది. సోలార్‌వారు ఇన్వర్టర్ అని పిలిచేది వేరే యంత్రం, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చేది. పేరు ఒకటే కావడంతో చాలామంది పొరబడుతున్నారు. రెండూ ఒక్కటిగా ఉండి బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ రకం ఉంది. అది లైను నుంచి విడిపోయి ఇంటికి మాత్రం ఇస్తుంది, కాబట్టి సురక్షితమే. కానీ బ్యాటరీకి సబ్సిడీ లేదు, ఖర్చు బాగా పెరుగుతుంది. ఏడాదిలో రెండు మూడు రోజుల చీకటి కోసం అంత పెట్టమని నేను చెప్పలేను. మీ ఇంట్లో పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే అలాగే ఉంచండి, లేకపోతే ఒకటి కొనండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో పేరుకు 1.8 యూనిట్లు ఉన్నా, చేతికి దక్కేది ఒక యూనిట్ అనుకుంటే మంచిది. రెండు పాత ఫ్యాన్లు, మూడు ఎల్‌ఈడీ బల్బులతో అది ఆరు గంటల్లోపే చేతులెత్తేస్తుంది. అవే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే పదకొండు గంటల దాకా లాగుతుంది. ఒక రాత్రి గడుస్తుంది. ఫ్యాన్లు మార్చమని ఇందాక అంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఇంటింటికీ ఇంత చిన్న ఉత్పత్తి ఎందుకు, ప్రభుత్వం దీనికి డబ్బెందుకు ఇస్తోంది అని మాస్టారు అడగవచ్చు. ఇబ్రహీంపట్నంలోనో, కృష్ణపట్నంలోనో బొగ్గు మండించి చేసిన కరెంటు 400 కిలోవోల్టులకు ఎక్కి, మెట్లు మెట్లుగా 11 కిలోవోల్టులకు దిగి, మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులై ఇంట్లోకి వస్తుంది. దారి పొడవునా తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత వేడిగా పోతుంది. ఒకప్పుడు ఊరి కరెంటు ఊళ్లోనే పుట్టేది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో కట్టిన విద్యుత్ కేంద్రం నగరం నడిబొడ్డునే పనిచేసింది. బొగ్గు పొగ కారణంగా అలాంటివి జనావాసాల మధ్య నిలవలేవు. పొగ లేని ప్యానెళ్లు రావడంతో ఆ దగ్గరితనం మళ్లీ సాధ్యమైంది. మధ్యాహ్నం మీ డాబా మీద పుట్టి, మీరు వాడగా మిగిలిన యూనిట్ ఎక్కడికో పోదు, పక్కింటివారి ఫ్రిజ్‌లోకే పోతుంది. నాకు ఈ పద్ధతి మీద ఇంత ఇష్టం ఉండటానికి కారణం అదే. ఆ దగ్గరితనానికి ఒక షరతు ఉంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇళ్లన్నీ అవసరానికి మించి అయిదేసి కిలోవాట్లు పెడితే, మిట్టమధ్యాహ్నం వాడేవారు లేక వీధి వోల్టేజి పెరుగుతుంది. అది హద్దు దాటితే ఇన్వర్టర్లు వాటంతటవే ఆగిపోతాయి. ఎండ బాగా ఉన్న వేళే ఉత్పత్తి పోతుంది.

బిగింపు విషయంలో మీరు సముద్రానికి దగ్గరగా ఉన్నారన్నది మరవకండి. రంగు వేసిన ఇనుప స్టాండు ఉప్పుగాలికి తొందరగా తుప్పుపడుతుంది. వేడి జింకులో ముంచి తీసిన గాల్వనైజ్డ్ స్టాండు, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు అడగండి, కాగితం మీద రాయించుకోండి. కింద మంచం వేసుకోవచ్చని ఎనిమిదడుగుల ఎత్తు స్టాండు చూపిస్తారు. మీ ఊళ్లో వద్దు. తుఫాను గాలి ప్యానెళ్ల కిందికి దూరి పైకి లేపుతుంది, ఎత్తు పెరిగేకొద్దీ పోటు పెరుగుతుంది. స్లాబుకు రంధ్రాలు వేసి బోల్టులు దిగ్గొడితే తరువాత కురిసే వానకు గది పైకప్పు చెమ్మగిల్లుతుంది. కాంక్రీటు దిమ్మెలు పోయించి వాటికి బిగించమనండి. ఎర్తింగ్ గుంటలు మూడు ఉండాలి: ప్యానెళ్ల వైపు ఒకటి, ఇంటి కరెంటు వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. ఖర్చు తగ్గించడానికి ఒకే గుంటకు మూడూ కలిపేసేవారు ఉన్నారు, తవ్వేటప్పుడు దగ్గరుండి చూడండి.

తుఫాను హెచ్చరిక రాగానే ఇంటి కరెంటు వైపు ఉండే ఏసీ స్విచ్చు, ప్యానెళ్ల వైపు ఉండే డీసీ స్విచ్చు రెండూ దించేయండి. గాలికి ప్యానెల్ పగిలితే మాత్రం, స్విచ్చు దించాం కదా అని చెయ్యి పెట్టకండి. ఎండ తగిలినంతసేపు ప్యానెల్ కరెంటు చేస్తూనే ఉంటుంది. నాలుగు వరుసగా కలిపినచోట 200 వోల్టుల దాకా ఉంటుంది, అదీ డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. బిగించినవారినే పిలవండి. పథకం కింద అయిదేళ్లు నిర్వహణ బాధ్యత వారిదే. ఇన్వర్టర్ ప్యానెళ్లంత కాలం రాదు, పది పన్నెండేళ్లకు ఒకసారి మార్చుకోవలసి రావచ్చని ఇప్పుడే అనుకోండి.

వడియాల దిగులు అక్కరలేదు. రెండు కిలోవాట్లంటే నాలుగు పెద్ద ప్యానెళ్లు, వాటికి రెండు వందల చదరపు అడుగులు చాలు. మిగిలిన డాబా మీదే. ప్యానెళ్లు తుడవడం కూడా పెద్ద పని కాదు. పదిహేను రోజులకొకసారి, సూర్యుడు ఎక్కకముందు, మెత్తటి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఎండలో కాలిన అద్దం మీద చన్నీళ్లు పోయకండి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అసలు వాడకండి, ఆరాక తెల్లటి మరకలు మిగిలి దుమ్ముకంటే ఎక్కువ అడ్డుపడతాయి. కుళాయి నీళ్లు రెండు బకెట్లు చాలు. వేపాకు రాలే రోజుల్లో మాత్రం ఒక చీపురు దగ్గర పెట్టుకోండి.

డబ్బు విషయంలో ఒక్క జాగ్రత్త. దరఖాస్తు పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో మీ సర్వీసు నంబరుతో, మీ ఫోనుతో మీరే చేయండి, అబ్బాయి బెంగళూరు నుంచే చేసిపెట్టగలడు. 10 కిలోవాట్ల లోపు అయితే ప్రత్యేకంగా సాంకేతిక పరిశీలన అవసరం లేదని 2024లో కేంద్రం నిబంధన మార్చింది, కాబట్టి అనుమతి ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. సబ్సిడీ రావాలంటే ప్యానెళ్లు మన దేశంలో తయారైనవై ఉండాలి. ఆ డబ్బు బిగింపు పూర్తయి తనిఖీ ముగిశాక నేరుగా మీ ఖాతాలోకి వస్తుంది. ఓటీపీ గానీ, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు గానీ ఎవరికీ ఇవ్వకండి. పోర్టల్‌లో నమోదైన ముగ్గురి దగ్గర రెండు కిలోవాట్లకు ధర రాయించుకోండి. 1,40,000 అటూ ఇటూ చెబితే సబ్సిడీ పోను మీకు పడేది 80,000. ఫ్యాన్లతో కలిపి 92,000. నెలకు 1,980 మిగులుతుంది కాబట్టి నాలుగేళ్లలోపు తిరిగి వస్తుంది.

నెట్ మీటర్ బిగించే రోజున మాస్టారిని దగ్గరుండమనండి. మీటరులో రెండు అంకెలు మారుతూ కనిపిస్తాయి, లైను నుంచి తీసుకున్నవి ఒకటి, లైనుకు ఇచ్చినవి ఒకటి. ఆరోజు ఉన్న రెండు అంకెలనూ, తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాయించండి. తరువాత ప్రతి నెలా బిల్లు వచ్చిన రోజు మళ్లీ రాయండి. మొదటి మూడు బిల్లులు మీ పుస్తకంతో సరిపోలకపోతే డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కార్యాలయానికి ఆ పుస్తకమే పట్టుకెళ్లండి.